నోయాటక్ నది మీద ముగియని సోమవారం

చుక్క పొడిచాకే అన్నం ముట్టుకుంటానని మొక్కుకున్న మనిషి, చుక్కే పొడవని చోటికి వెళితే ఎప్పుడు తినాలి? మీరు లెక్కలు వచ్చినవారు, ఫోన్ దారి చూపించందే కూరగాయలకు కూడా కారు తీయనివారు, పిల్లల సైన్సు ప్రాజెక్టులు రాత్రంతా కూర్చుని మీరే చేసిపెట్టేవారు. జవాబు చెప్పండి. సరదాకి అడగడం లేదు. పోయిన నెల అల్ఫారెట్టాలో మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక అమ్మాయిని ఇదే ప్రశ్న అడిగాను. ఆ అమ్మాయి గోంగూర పప్పు కలుపుకుంటూ, "కనిపిస్తది అంకుల్. మా మామయ్యకు కనిపించింది గదా" అంది. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన పిల్ల. అప్పటినుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు, ఈ వయసులో అది మంచిది కాదని మా ఆవిడ అంటోంది, అయినా పట్టడం లేదు.

ఆ అమ్మాయి నిహారిక. ఒకప్పుడు ఇర్వింగ్‌లో నా రూమ్మేటుగా ఉన్న మురళీధర్‌కి స్వయానా మేనకోడలు. కంపెనీ పనిమీద మా ఊరు వచ్చి, మామయ్య చెప్పాడని మమ్మల్ని చూడడానికి వచ్చింది. వీసా లాటరీలో ఆమె పేరు రెండుసార్లు వేశారు, రెండుసార్లూ రాలేదు. పనిచేసుకునే అనుమతి త్వరలో అయిపోతుంది, మిగిలింది ఒక్క అవకాశం. ఆమెలాగే ఎదురుచూస్తున్న స్నేహితులు కొందరు కలిసి ఈ వేసవిలో అలాస్కా వెళుతున్నారట. ఆర్కిటిక్ వృత్తానికి పైన, నోయాటక్ అనే నది మీద, గైడు వెంట కెనూల్లో, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవల్లో, ప్రయాణం. అంతవరకు సంతోషమే, నేను కూడా వెళ్లినవాణ్ణే. కానీ వాళ్లు వెళ్లేది నదిని చూడడానికి కాదు. పదహారు సోమవారాల మొక్కు పట్టి, అందులో ఒక సోమవారం ఆ నది మీద పడేలా టికెట్లు తీసుకున్నారు. పగలంతా ఉపవాసం, చుక్క కనిపించాకే భోజనం. ఎందుకంటే వాళ్ల మురళి మామయ్య కుర్రతనంలో అలాగే చేశాడు. రాత్రే రాని ఆకాశంలో ఆయన కోసం చుక్క పొడిచింది, ఏడాది తిరక్కుండా గ్రీన్ కార్డు వచ్చింది.

నిహారిక ఫోన్ తీసి వీడియో చూపించింది. ఫ్రిస్కోలో ఒక హాలు. నిండా మనవాళ్లే. పట్టు ఉత్తరీయం వేసుకుని, మైకు పట్టుకుని మురళి. జుట్టు పోయింది కానీ గొంతు అదే. నది గురించి, చలి గురించి, చుక్క గురించి చెప్పాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చివర్లో, "నా పక్కన కెనూల నాస్తికుడు ఒకడున్నడు, వాడే సాక్షి" అని నా పేరు కూడా చెప్పాడు. ఒక మహిమకు నన్ను అడక్కుండా సాక్షిని చేశాడన్నమాట. ఆ నదికి వెళ్లిన మా ముగ్గురు తెలుగువాళ్లలో ఒకావిడ ఇప్పుడు లేరు. మిగిలింది మురళి, నేను. అతను చెప్పాల్సింది చెప్పేశాడు. కనుక నేను చెప్పాలి. ఆ రోజు అమ్మాయికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

నేను పెరిగిన ఇల్లు వాదనల ఇల్లు. గుంటూరులో మా నాన్న ఆదివారం వస్తే ముందుగదిలో బల్లలు పక్కకు జరిపించి చాప పరిపించేవారు. సంస్కరణవాదులు, భక్తులు, పార్టీలవాళ్లు, ఏ పార్టీలోనూ నిలవనివాళ్లు వచ్చేవారు. అమ్మ పెద్ద గిన్నెలో ఉప్మా చేసి పెట్టేది. ఇంగువ వాసన, చుట్ట పొగ, వేడెక్కిన గొంతులు కలిసి ఉండేవి మా ఆదివారాలు. నాన్నది ఒకటే షరతు. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వు చెప్పాలి, అది విని అతను "అవును, నా మాట ఇదే" అనాలి, ఆ తర్వాతే నువ్వు నోరు విప్పాలి. ఆ షరతుకి తట్టుకోలేక సగంమంది కాఫీ తాగి వెళ్లిపోయేవారు. నాకు మాత్రం అది ఒంటికి పట్టింది. ఎవడి నమ్మకాన్నయినా వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాత దాన్ని ముక్కలు చేయగలనని నాకు గర్వం ఉండేది. అమెరికాకు నేను తెచ్చుకున్న సామానులో బరువైనది అదే.

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం, ఒక రైస్ కుక్కర్, రెండు పరుపులు. కార్పెట్ నుంచి పోపు వాసన వచ్చేది, కోట్లనుంచి పోపు వాసన వచ్చేది, ఆఫీసులో లిఫ్టు ఎక్కితే పక్కవాడు మర్యాదగా మూల నుంచునేవాడు. సోమవారం వచ్చిందంటే మురళి వంటగదివైపు చూసేవాడు కాదు. గ్రీన్ కార్డు కాగితాలు లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర ఆగిపోయాయి, కరీంనగర్‌లో కొత్త పెళ్లాం ఎదురుచూస్తోంది, వాళ్లమ్మ ఫోన్‌లో సోమవారాల మొక్కు పట్టమంది, పట్టాడు. సాయంత్రం కాగానే బాల్కనీలోకి వెళ్లి మెడ ఎత్తి నిలబడేవాడు. కింద పార్కింగ్ లాట్‌లో పెద్ద లైట్లు, పైన ఎయిర్‌పోర్టుకి దిగే విమానాల వరస. ఒకసారి "కనిపించింది" అని సంబరంగా లోపలికి వచ్చి అన్నం కలుపుకున్నాడు. నేను బాల్కనీలోంచి చూసి, "నీ చుక్క చక్రాలు దింపుతోందిరా" అన్నాను. "నువ్వు నోర్ముయ్యి సైంటిస్టూ. చూసినప్పుడు చుక్కనే" అన్నాడు, ముద్ద ఆపకుండా. అందరం నవ్వాం. ఆకలి వేసినవాడు కాస్త వెసులుబాటు చూసుకోవడంలో తప్పేముంది? అలాగే ఉంటే ఈ వ్యాసం రాయనక్కర లేకపోయేది.

కింది వాటాలో సుభద్ర గారు ఉండేవారు. మా ఆఫీసులోనే పాత ప్రోగ్రాములను బతికించే సీనియరు, మాకంటే పెద్దావిడ, భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. కృష్ణా నది లంకల్లో పుట్టి, బడికి రోజూ పడవ దాటి వెళ్లిన మనిషి. ఆవిడ భక్తి ఆవిడది. తెల్లవారుజామున అగరొత్తులు వెలిగించేముందు కుర్చీ ఎక్కి పొగ అలారానికి స్నానాల టోపీ తొడిగేవారు. దండం అయ్యాక టోపీ తీసేవారు. ఆ క్రమం ఒక్కరోజు తప్పినా ఫైరింజన్ వచ్చేది, ఒకసారి వచ్చింది కూడా. ఆదివారం మా అందరికీ ఆవిడ ఇంట్లోనే పప్పుచారు. నేను దేవుడి మీద ఏదో ఒకటి అనకుండా లేచేవాణ్ణి కాదు. ఆవిడ, "అబ్బాయ్, ఇంకో ముద్ద పెట్టుకో, వాదించడానికి ఓపిక కావాలిగా" అనేవారు. నోయాటక్ సంగతి తెచ్చింది ఆవిడే. ఆఫీసులో ఆవిడ పైఅధికారి ఏటా వెళ్లేవాడట, ఫోటోలు చూపించాడట. "చెట్టు లేని కొండల మధ్య నదట, మనిషే ఉండడట. లంకలో పుట్టినదాన్ని, ఒక్కసారి తెడ్డు పట్టుకోవాలని ఉంది" అన్నారు. మురళి, నేను తోడు వెళ్లాం.

నీటి మీద దిగే చిన్న విమానం మమ్మల్ని కొండల నడుమ ఒక చెరువులో దింపి వెళ్లిపోయింది. ఆ విమానం చప్పుడు దూరమయ్యాక వచ్చే నిశ్శబ్దం గురించి రాయమంటే నాకు చేతకాదు. దోమల గురించి రాయగలను, అన్నం ముద్దలో కూడా ఉండేవి. మాతోపాటు ఒక అమెరికన్ దంపతులు, మా గైడు కెల్లీ. ముప్పై ఏళ్ల అమ్మాయి, ఎండకు కందిన ముఖం, చిన్న మాటలు. మా ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి, ఎలుగుబంట్లు తెరవలేని పీపాలో తానే వేసి బిగించింది. మొదటిరోజే చెప్పింది, ఈ నదిలో మనిషిని చంపేది ఎలుగుబంటి కాదు, చలి అని. తడిసి ఉంటాం, గాలి ఎదురుగా కొడుతుంది, ఒంట్లో వేడి తిండివల్లే పుడుతుంది, గంటగంటకు ఏదో ఒకటి నములుతూనే ఉండండి అంది. జేబుల నిండా వేరుశనగలు, చాక్లెట్లు పోసింది. మా వంట సుభద్ర గారిది. గులకరాళ్ల మేట మీద టార్పాలిన్ కింద మెంతులు వేగే వాసన వస్తుంటే, ఆ అమెరికన్ దంపతులు తమ గిన్నెలు పట్టుకుని వచ్చి కూర్చునేవారు.

తర్వాత సోమవారం వచ్చింది. మురళి పొద్దున ఏమీ తినలేదు, వేరుశనగలు నా జేబులో పోశాడు. నేను పట్టించుకోలేదు, అలవాటైన సంగతే. సాయంత్రం బస వేశాక వాడు ఎప్పటిలాగే మెడ ఎత్తి నిలబడ్డాడు. పొద్దు కొండల అంచున దొర్లుతోంది. దొర్లుతూనే ఉంది. కాసేపటికి పైకి లేవడం మొదలుపెట్టింది. అప్పుడు మురళి ముఖం చూడాలి. ఆ అక్షాంశంలో వేసవిలో సూర్యుడు దిగడని హైస్కూలు పిల్లవాడు కూడా చెబుతాడు. మురళికి తెలియకపోవడం కాదు. తెలిసిన విషయం, మొక్కు ఉండే గదిలోకి ఎప్పుడూ వెళ్లలేదు, అంతే. రెంటికీ మధ్య తలుపు వేసుకుని ఇన్నాళ్లూ హాయిగా బతికాడు. "సరే, ఇక తినరా" అన్నాను. "చుక్క పొడవలేదు గదరా" అన్నాడు. "పొడవదు. ఆగస్టు దాకా పొడవదు." "అయితే సోమవారం అయిపోనట్టే." నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

మంగళవారం కూడా వాడికి సోమవారమే అయింది. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు. వాడు కెనూ ముందు, నేను వెనక. గాలి ఎదురుగా కొడుతుంటే నది ముందుకు, మేం వెనక్కి పోతున్నట్టు ఉండేది. నేను నాన్న పద్ధతిలో మొదలుపెట్టాను. మొక్కు అంటే మాట, మాట తప్పితే ఇన్ని సోమవారాల కష్టం వృథా, పెళ్లాం రాదు, ఇదేగా నీ వాదం అన్నాను. "అవును, గదే" అన్నాడు. ఇక చెలరేగిపోయాను. ఇండియాలో ఈపాటికి చుక్కలు పొడిచాయి కదా, ఆ దేవుడికి ఇర్వింగ్ టైమా, కరీంనగర్ టైమా అన్నాను. ఈ ఉపవాస నియమం పెట్టినవాళ్లు ఉత్తర ధ్రువం చూడలేదన్నాను. ప్రతి వాక్యం సరైనదే, ఇప్పుడు తూచినా తగ్గదు. కానీ నేను ఒక్కో వాక్యం గెలిచినకొద్దీ వాడి వీపు ఇంకా బిగుసుకుంది. చివరికి, "నీతోని ఓడిపోయిన అని తినాల్నా? నేను తిననురా" అన్నాడు. అక్కడినుంచి మాట్లాడటం మానేశాడు.

నేను కెల్లీ దగ్గరకు వెళ్లాను. ఇతను తినడం లేదు, నువ్వు గైడువి, ఆజ్ఞాపించు అన్నాను. ఆమె ఇబ్బందిగా చూసింది. అతను చెప్పాడు, అది అతని మతవిశ్వాసం, నేను గౌరవిస్తాను, అందులో జోక్యం చేసుకోకూడదని మాకు నేర్పారు అంది. నాకు ఆనాడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. అదే ఒక అమెరికన్ కుర్రాడు ఊరికే తిననని మొండికేస్తే కూర్చోబెట్టి తినిపించేది. మురళి తిననంటే అది సంస్కృతి అయింది. గౌరవం పేరుతో ఒక మనిషిని చలికి వదిలేయడాన్ని ఈ దేశంలో మర్యాద అంటారు. మనవాళ్లు ఆ మర్యాదను చూసి మురిసిపోతారు.

బుధవారం వాన. మబ్బు కొండల నడుము దాకా దిగింది. మురళి భుజాలు వణుకుతున్నాయి, వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి వణుకు ఆగింది. తగ్గిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు వాడి చేతిలోంచి తెడ్డు జారి నీళ్లలో పడింది. వాడు దానివైపు చూశాడు కానీ చెయ్యి చాచలేదు. ఏదో గొణిగాడు, ముద్దముద్దగా, తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. నేను కేక వేశాను. పక్క కెనూనుంచి కెల్లీ వాడి ముఖం చూసింది. ఆ క్షణంలో ఆమె గౌరవమంతా ఎగిరిపోయింది. ఒడ్డుకు, ఒడ్డుకు అని అరిచింది. మేట మీదకు లాగి, తడిబట్టలు విప్పి, స్లీపింగ్ బ్యాగులో చుట్టాం. కెల్లీ వేడినీళ్లలో పంచదార కలిపి నోటి దగ్గర పెట్టింది. వాడి వేళ్లు ముడుచుకోవడం లేదు, కళ్లు నిలవడం లేదు, కానీ పెదవులు మాత్రం బిగించాడు. ఒళ్లంతా వదిలేసినా అవి వదల్లేదు. విమానం రావలసిన రోజు ఇంకా దూరంలో ఉంది. ఆ వానలో అది ఎలాగూ రాదు.

సుభద్ర గారు మోకాళ్ల మీద కూర్చుని వాడి తల ఒళ్లోకి తీసుకున్నారు. "మురళీ, ఇటు చూడు నాన్నా. నీ పెళ్లి ఏ వేళప్పుడు అయింది?" వాడు పెదవులు కదిపాడు. పగలు అన్నట్టు అర్థమైంది. "పగటి పూటేగా. పంతులు మీ ఇద్దర్నీ బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపించాడా? చూశావా?" వాడు తల ఊపాడు. "మిట్టమధ్యాహ్నం చూసినవాడివి, ఇప్పుడు చూడలేవా? అదిగో, అటు. ఆ కొండ పైన. అరుంధతే. చూడు." ఆవిడ వేలు చూపించిన చోట మబ్బు తప్ప ఏమీ లేదు. వాన మా ముఖాల మీద పడుతోంది. మురళి అటువైపు చాలాసేపు చూశాడు. "చూసిన" అన్నాడు. నోరు తెరిచాడు. కెల్లీ చెంచాతో పోసింది. ఆ తర్వాత సుభద్ర గారు మెత్తగా ఉడికించిన అన్నంలో నెయ్యి కలిపి తినిపించారు. మళ్లీ వణకడం మొదలుపెట్టాడు, అంటే ఒంట్లో వేడి పుడుతోంది. వణకడం చూసి అంత సంతోషించింది నేను జీవితంలో అప్పుడొక్కసారే.

జరిగింది ఇదే. చుక్క లేదు. పెళ్లి పందిట్లో మనమంతా ఆడే నాటకాన్ని ఒక తెలివైన ఆవిడ వానలో ఆడింది. మురళి నిద్రపోయాక టార్పాలిన్ కింద గిన్నెలు కడుగుతూ ఆవిడతో అన్నాను, "అబద్ధం చెప్పారు కదండీ."

"చెప్పాను. నీ నిజం వాడిచేత గుక్కెడు తాగించిందా మరి?"

"రేపు వాడు దీన్ని మహిమ అంటాడు."

"అంటే అననీ అబ్బాయ్. అనడానికి ముందు మనిషంటూ ఉండాలిగా. ఆ మూత ఇలా ఇవ్వు."

ఇన్నేళ్లుగా ఆ మాటకు జవాబు వెతుకుతున్నాను. ఆవిడ చేసింది తప్పని ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నా విసుగంతా ఆ తర్వాత జరిగినదాని మీద. ఆ అబద్ధం ఒక రోజు కోసం, ఒక నోరు తెరిపించడం కోసం పుట్టింది. పని అయిపోయాక దాన్ని అక్కడే వదిలేసి రావలసింది. మురళి దాన్ని ఇంటికి తెచ్చుకుని పెంచాడు. మొదట్లో స్నేహితుల మధ్య నవ్వుతూ చెప్పేవాడు. గ్రీన్ కార్డు వచ్చాక నవ్వడం మానేశాడు. తర్వాత వాన పోయింది, మబ్బు పోయింది, తెడ్డు పోయింది. పెద్ద ఇల్లు కొన్నాక సుభద్ర గారు కూడా కథలోంచి పోయారు. ఇప్పుడు ఫ్రిస్కో హాలులో నిలబడి ఉన్నది ఒక భక్తుడు, ఒక చుక్క. ఆనాడు మాలో ఒక్కడే మొక్కుకున్నాడు, అతని చుట్టూ మొక్కు లేనివాళ్లం ఐదుగురం ఉన్నాం. ఇప్పుడు కెనూల్లో కూర్చునేవాళ్లంతా మొక్కుకున్నవాళ్లే. టీషర్టులు అచ్చు వేయించారు, వాట్సాప్ గ్రూపు ఉంది, నదిలో కెనూ ఎన్ని గంటలకు దించాలో పంతులు వీడియో కాల్‌లో చెబుతాడట. తెడ్డు జారినప్పుడు అరిచేది ఎవరు?

ఇదంతా విన్నాక నిహారిక తన కంచం తానే కడిగి బోర్లించింది. "మీరు చెప్పింది నిజమే కావొచ్చు అంకుల్. మామయ్యకు అంత సీరియస్ అయిందని మాకు తెల్వదు" అంది. నాకు ఆశ పుట్టింది. ఆమె చేతులు తుడుచుకుని, "కానీ మీకు సిటిజన్‌షిప్ ఉంది అంకుల్. లాజిక్ మీరు అఫర్డ్ చేయగలరు. నాకు అక్టోబర్ దాకనే టైముంది" అంది. ఆమె వెర్రిది కాదు. కష్టపడి చదివింది, కష్టపడి పనిచేస్తోంది, అయినా బతుకును చీటీ వేసి తేలుస్తున్నారు. లాటరీలో ఏ తర్కమూ లేనప్పుడు నన్ను మాత్రం తర్కం పాటించమంటారేం అని అడుగుతోంది. నాన్న షరతు ప్రకారం ఆమె వాదం ఇది, నేను పూర్తిగానే చెప్పాను. దానికి నా జవాబు ఒకటే: లాటరీ పోతే ఇంకో దారి వెతుక్కోవచ్చు, ఇంకో దేశం వెళ్లవచ్చు, ఇంటికి వెళ్లవచ్చు. వెతుక్కోవడానికి మనిషి ఉండాలి. ఇది సుభద్ర గారి మాటే. చెప్పాను. "ఆలోచిస్త అంకుల్" అని కారెక్కింది. ఆ మాటకు అర్థం మనందరికీ తెలుసు.

మురళికి ఫోన్ చేశాను. "మబ్బు పట్టి వాన పడుతుంటే చుక్క ఎక్కడిదిరా?"

"మబ్బులకెళ్లే కనిపించింది. గదే మహిమ. నువ్వు చూడలే, నేను చూసిన. ఎవని కండ్లు వానివి."

"సరే, చూశావు. దానికి ముందు నీ వేళ్లు ముడుచుకోలేదు, మాట పడిపోయింది. ఆ సంగతి పిల్లలకు చెప్పావా?"

"అవన్నీ ఎందుకురా ఇప్పుడు. పాజిటివ్‌గ ఉండాలె. పిల్లలు ఆల్రెడీ డిప్రెస్ అయివున్నరు."

"నీ మేనకోడలురా."

"దేవుడు చూసుకుంటడు" అన్నాడు. పెట్టేశాడు.

దేవుడు ఆ రోజు చూసుకోలేదు. ఒక ఆడమనిషి చూసుకుంది, ఆమె ఇప్పుడు లేదు. నేను ఇంతకంటే చేయగలిగింది లేదు. నా మాట వాళ్లు వినరు, నాస్తికుడి మాట అని పక్కన పెడతారు. మీ మాట వింటారు. ఆ హాలులో లేచి చప్పట్లు కొట్టింది మీరు, వీడియోను పదిమందికి పంపింది మీరు, ఆ పిల్లలు ఆంటీ, అంకుల్ అని పిలిచేది మిమ్మల్ని. వాళ్లు అలాస్కాకు, ఫెయిర్‌బ్యాంక్స్ విమానం ఎక్కకముందే ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. దేవుడు ఉన్నాడా లేడా అని వాదించకండి, ఆ పని నాకు వదిలేయండి. వీసా గురించి ఓదార్చకండి, అది విని విని వాళ్లు విసిగిపోయారు. ఒక్కటే అడగండి: సోమవారం మధ్యాహ్నం పడవలో ఏం తింటున్నావు? అన్నమో, రొట్టో, వేరుశనగలో, తినే వస్తువు పేరు వినిపించేదాకా ఫోన్ పెట్టకండి.